బ్రిటన్‌లో డ్రైవింగ్ లైసెన్స్: మొదటి పన్నెండు నెలల్లో ఏ పని, ఏ వరసలో చేయాలి

"అన్నా, ఇండియాలో ఎనిమిదేళ్ళు కారు తోలాను, ఇక్కడ మళ్ళీ పరీక్ష ఎందుకు? ఎలా మొదలుపెట్టాలి?" అని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను. ఇది ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌కి వర్తిస్తుంది. ఉత్తర ఐర్లండ్‌లో ఈ పని చూసే సంస్థ వేరు, నియమాలు కూడా కొన్ని వేరు. ఫీజులు 2025 నాటివి. కట్టే ముందు ప్రభుత్వ వెబ్‌సైట్ గవ్ డాట్ యూకేలో ఒకసారి సరిచూసుకోండి.

ముందే ఒక మాట. కారు నడపడం రాక ఫెయిలయ్యే మనవాళ్ళు తక్కువ. బాగా వచ్చు కాబట్టే ఫెయిలవుతారు. ఎందుకో ఏడో భాగంలో చెప్తాను. చాలామంది ఆ భాగాన్నే వదిలేసి ఫారాల దగ్గర ఆగిపోతారు.

1. మీ పన్నెండు నెలలు ఎప్పటినుంచో రాసి పెట్టుకోండి

మన దేశపు పూర్తి లైసెన్స్ చెల్లుబాటులో ఉంటే, ఇక్కడ నివాసం మొదలైన రోజు నుంచి 12 నెలలు దానితోనే కారు నడపొచ్చు. కారు కొన్న రోజు నుంచి కాదు, మొదటిసారి స్టీరింగ్ పట్టుకున్న రోజు నుంచి కూడా కాదు. మధ్యలో సెలవులకి ఇంటికి వెళ్ళొస్తే లెక్క మళ్ళీ మొదటికి రాదు.

పన్నెండు నెలలు దాటిన మర్నాటి నుంచి ఆ లైసెన్స్‌తో ఒంటరిగా నడిపితే, లైసెన్స్ లేకుండా నడిపినట్టే. ఇన్సూరెన్స్ కూడా చెల్లదు. పోలీసులు కారు అక్కడికక్కడే స్వాధీనం చేసుకోవచ్చు.

ఒక వెసులుబాటు ఉంది, చాలామందికి తెలియదు. ఈ 12 నెలల్లో ఇక్కడి ప్రొవిజనల్ లైసెన్స్ (మన ఎల్ఎల్ఆర్ లాంటిది) తీసుకున్నా, గడువు ముగిసేదాకా ఎల్ బోర్డు, పక్కన మనిషి లాంటి షరతులు మీకు వర్తించవు. గడువు ముగిశాక మాత్రం పరీక్ష పాసయ్యేదాకా మీరూ అందరిలాంటి లెర్నరే. అంటే ప్రొవిజనల్ తొందరగా తీసుకుంటే పోయేదేమీ లేదు. ఆలస్యం చేస్తేనే నష్టం.

నా లెక్కలో మంచి వరస ఇది:

- మొదటి నెల: ప్రొవిజనల్‌కి దరఖాస్తు
- రెండు, మూడు నెలలు: థియరీ చదవడం, పరీక్ష
- థియరీ పాసైన రోజే: ప్రాక్టికల్ స్లాట్ బుకింగ్
- స్లాట్ వచ్చేలోపు: క్లాసులు
- చివరి మూడు నెలలు: ఒకసారి ఫెయిలైతే రెండోసారికి మిగలాల్సిన సమయం

ఆ చివరి మూడు నెలలు మిగుల్చుకోని వాళ్ళే పదకొండో నెలలో అందరికీ మెసేజ్‌లు పెడుతుంటారు.

2. మార్చుకునే వీలుందేమో చూడండి

కొన్ని దేశాల లైసెన్స్‌ని పరీక్ష లేకుండా ఇక్కడి లైసెన్స్‌గా మార్చుకోవచ్చు. ఆ జాబితాలో భారతదేశం లేదు. అయితే ఆస్ట్రేలియా, కెనడా, సింగపూర్, జపాన్, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, యూఏఈ ఉన్నాయి. దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో కొన్నేళ్ళు చేసి ఇక్కడికొచ్చినవాళ్ళు, అక్కడే పరీక్ష పాసై తెచ్చుకున్న లైసెన్స్ ఉంటే దాన్ని చూసుకోండి. నివాసం మొదలైన అయిదేళ్ళలోపు మార్చుకోవచ్చు. ఆ కార్డు ఎక్కడో పెట్టెలో పడేసి, ఇండియా కార్డు పట్టుకుని థియరీకి కూర్చున్నాయన ఒకాయన నాకు తెలుసు.

మిగతావాళ్ళకి దారి ఒక్కటే: ప్రొవిజనల్, థియరీ, ప్రాక్టికల్.

3. ప్రొవిజనల్ లైసెన్స్

దీన్ని ఇచ్చేది స్వాన్సీలో ఉన్న ప్రభుత్వ లైసెన్సుల సంస్థ డీవీఎల్ఏ. ఆన్‌లైన్‌లో 34 పౌండ్లు, పోస్టులో 43. బ్రిటిష్ పాస్‌పోర్ట్ లేనివాళ్ళు చాలామంది పోస్టు దారిలోనే వెళ్ళాల్సి వస్తుంది. పోస్టాఫీసులో డీ1 ఫారం ఇస్తారు.

కావలసినవి:

- ఈ దేశంలో కనీసం 185 రోజులు ఉండటానికి అనుమతి
- పాస్‌పోర్ట్ అసలు ప్రతి, ఈ-వీసా ఉంటే దాని షేర్ కోడ్ (మీ వీసాని ఆన్‌లైన్‌లో చూడటానికి వాళ్ళకిచ్చే కోడ్)
- గత మూడేళ్ళలో మీరున్న చిరునామాలన్నీ
- ఫొటో
- 20 మీటర్ల దూరం నుంచి కారు నంబర్ ప్లేటు చదవగలిగే చూపు (కళ్ళజోడు పెట్టుకునైనా సరే)

తప్పులు ఎక్కువగా మూడు చోట్ల జరుగుతాయి.

మొదటిది పేరు. మన ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొట్టి అక్షరాల్లో ఉంటుంది. ఇక్కడ పాస్‌పోర్ట్‌లో ఉన్నదే ప్రమాణం. సర్‌నేమ్ గడిలో ఏముందో అదే, అక్షరం పొల్లుపోకుండా రాయండి. ఎందుకంటే లైసెన్స్ నంబరే ఇంటిపేరులోంచి పుడుతుంది. సర్‌నేమ్ మొదటి అయిదు ఇంగ్లీషు అక్షరాలతో నంబర్ మొదలవుతుంది, అక్షరాలు తక్కువైతే 9లతో నింపుతారు. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ రావు అయితే ఆర్, ఏ, ఓ, 9, 9. పేరు తప్పు పడితే తర్వాత ఇన్సూరెన్స్, థియరీ, ప్రాక్టికల్ అన్నిటా అదే తప్పు తిరుగుతుంది.

రెండోది ప్రయాణం. పోస్టులో పంపితే పాస్‌పోర్ట్ కొన్ని వారాలు మీ చేతిలో ఉండదు. పండక్కి టికెట్ బుక్ చేసుకుని ఉంటే ముందు వెళ్ళి రండి, తర్వాత పంపండి. పంపేటప్పుడు ట్రాకింగ్ ఉన్న పోస్టులో పంపండి. తిరిగి రావడానికి కూడా ప్రీపెయిడ్ స్పెషల్ డెలివరీ కవరు లోపల పెట్టండి.

మూడోది చిరునామా. నలుగురైదుగురు కలిసుండే ఇంట్లో, తలుపు సందులోంచి పడ్డ ఉత్తరాలన్నీ ఒక మూలకి నెట్టేసే ఇంట్లో, మీ పాస్‌పోర్ట్ కవరు ఎవరి షూ కిందో ఉండొచ్చు. ఇల్లు మారే ఆలోచన ఉంటే మారాకే దరఖాస్తు పెట్టండి.

4. థియరీ: చిన్నచూపు చూడకండి

ఫీజు 23 పౌండ్లు. రెండు భాగాలుంటాయి, రెండూ ఒకే సిట్టింగ్‌లో పాసవ్వాలి.

మొదటి భాగంలో 57 నిమిషాల్లో 50 ప్రశ్నలు, 43 సరిగ్గా రాయాలి. మన పోటీ పరీక్షల అలవాటుకి ఇది తేలికే, ఒక షరతు మీద: ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం 'హైవే కోడ్' నిజంగా చదివితే. యాప్‌లో ప్రశ్నలు బట్టీ పట్టినవాళ్ళు పాసవుతారు గానీ ప్రాక్టికల్‌లో దొరికిపోతారు. ఆగే దూరాల పట్టిక మాత్రం బట్టీ పట్టాల్సిందే. గంటకి 30 మైళ్ళ వేగంలో 23 మీటర్లు, 50లో 53 మీటర్లు, 70లో 96 మీటర్లు.

రెండోది హజార్డ్ పర్సెప్షన్. రోడ్డు మీద తీసిన వీడియోలాంటి 14 క్లిప్పులు చూపిస్తారు. ప్రమాదం తయారవుతున్న క్షణంలో మౌస్ నొక్కాలి. మొత్తం 75కి 44 రావాలి. ఒక క్లిప్‌లో రెండు ప్రమాదాలుంటాయి, మిగతా వాటిలో ఒక్కొక్కటి. ఎంత ముందు పసిగడితే అన్ని మార్కులు, గరిష్ఠంగా అయిదు.

ఇక్కడ మనవాళ్ళు పోగొట్టుకునేది రెండు రకాలుగా.

- మరీ ముందు నొక్కడం: పేవ్‌మెంట్ మీద పిల్లాడు కనిపించగానే నొక్కేస్తారు. పిల్లాడు ఉండటం ప్రమాదం కాదు, రోడ్డు వైపు అడుగు వేయడం మొదలుపెట్టినప్పుడే లెక్క. విరుగుడు: మీకు అనుమానం రాగానే ఒకసారి, అది నిజమవుతుంటే ఇంకోసారి నొక్కండి.
- టకటకా నొక్కుతూ పోవడం: వరసగా, లయగా నొక్కితే సిస్టమ్ పట్టేసి ఆ క్లిప్‌కి సున్నా ఇస్తుంది.

పరీక్ష ఇంగ్లీషులో లేదా వెల్ష్‌లో మాత్రమే. ప్రొవిజనల్ కార్డు మర్చిపోతే లోపలికి రానివ్వరు, ఫీజు కూడా పోతుంది. ఫెయిలైతే మూడు పని దినాలు ఆగి మళ్ళీ రాయొచ్చు. పాసైతే అది రెండేళ్ళు చెల్లుతుంది. ఆ రెండేళ్ళలో ప్రాక్టికల్ అవ్వకపోతే థియరీ మళ్ళీ మొదటినుంచి.

5. ప్రాక్టికల్ స్లాట్

అసలు తలనొప్పి ఇదే. సోమవారం నుంచి శుక్రవారం దాకా పగటిపూట 62 పౌండ్లు, సాయంత్రాలు, శని ఆదివారాలు, సెలవు రోజుల్లో 75. దీనికి మించి ఎవరడిగినా అది ప్రభుత్వానికి వెళ్ళే డబ్బు కాదు. పెద్ద ఊళ్ళలో నెలల తరబడి స్లాట్లు దొరకవు. 24 వారాల ముందు దాకా తేదీలు తెరుస్తారు, చాలాచోట్ల ఆ చివరి తేదీలే మిగులుతాయి.

- థియరీ పాసయ్యాక ఆలోచించుకుంటూ కూర్చోకండి, ఆ రోజే దొరికిన తేదీ తీసుకోండి.
- తర్వాత రోజూ అధికారిక సైట్‌లో చూస్తూ ఉండండి. వేరేవాళ్ళు రద్దు చేసుకున్నవి కనిపిస్తాయి, మీ తేదీని ముందుకి జరుపుకోవచ్చు.
- తేదీ మార్చాలన్నా రద్దు చేయాలన్నా పూర్తిగా 10 పని దినాలు ముందుండాలి. లేకపోతే ఫీజు వదులుకోవాల్సిందే.
- స్లాట్ ఇప్పిస్తామని వాట్సాప్‌లో లైసెన్స్ నంబర్, థియరీ సర్టిఫికెట్ నంబర్ అడిగేవాళ్ళకి ఇవ్వకండి. ఆ రెండూ ఉంటే మీ బుకింగ్ వాళ్ళ చేతిలో ఉన్నట్టే.

ఖాళీ ఎక్కువున్న దూరపు సెంటర్‌లో బుక్ చేసుకోవచ్చా? చేసుకోవచ్చు. కానీ పరీక్షకి ముందు ఆ ఊరి రోడ్ల మీద కనీసం రెండు మూడు గంటలు తిరగండి. తెలియని ఊరిలో వింతైన లేన్ గుర్తులున్న ఒక్క రౌండబౌట్ (గుండ్రటి కూడలి) చాలు కొంప మునగడానికి.

6. ఇన్‌స్ట్రక్టర్, కారు

గుర్తింపు పొందిన ఇన్‌స్ట్రక్టర్ కారు ముందు అద్దానికి ఆకుపచ్చ అష్టభుజి బ్యాడ్జి ఉంటుంది. గులాబీ రంగు త్రిభుజం ఉంటే ఇంకా శిక్షణలో ఉన్నవారు. ఏ బ్యాడ్జీ లేకుండా డబ్బు తీసుకుని నేర్పేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి, అది చట్ట విరుద్ధం.

మీరు కొత్తవారు కారు కాబట్టి నలభై గంటల ప్యాకేజీ అక్కర్లేదు. ముందు రెండు గంటలు తీసుకుని, "పరీక్షలాగే ఒకసారి చూసి నా తప్పులన్నీ రాసివ్వండి" అని అడగండి. ఆ కాగితమే మీ సిలబస్.

ఆటోమేటిక్‌లో పాసైతే లైసెన్స్ ఆటోమేటిక్‌కే. మాన్యువల్ పాసైతే రెండూ నడపొచ్చు. ఇండియాలో మాన్యువల్ నడిపినవాళ్ళు మాన్యువల్‌లోనే వెళ్ళమంటాను. క్లచ్, గేర్ల మీద ధ్యాస పెట్టక్కర్లేనంత అలవాటుంటే ఆ ధ్యాసంతా రోడ్డు మీద పెట్టొచ్చు.

సొంత కారులో పరీక్షకి వెళ్ళొచ్చు. అందుకు కావలసినవి: మీ పేరున ఇన్సూరెన్స్, ట్యాక్స్, మూడేళ్ళు దాటిన కారైతే ఎంఓటీ (కారు కండిషన్ తనిఖీ సర్టిఫికెట్), ముందూ వెనకా ఎల్ బోర్డులు, ఎగ్జామినర్‌కి లోపల ఇంకో అద్దం, పక్క సీటుకి హెడ్‌రెస్ట్. డాష్‌బోర్డ్‌లో హెచ్చరిక లైటు ఏదైనా వెలుగుతూ ఉంటే పరీక్ష అక్కడే ఆగిపోతుంది.

12 నెలలు దాటిన లెర్నర్లు ప్రాక్టీసు చేయాలంటే పక్కన 21 ఏళ్ళు దాటి, పూర్తి లైసెన్స్ వచ్చి మూడేళ్ళయినవారు ఉండాలి. స్నేహితుడి కారైతే దాని మీద మీకూ లెర్నర్ ఇన్సూరెన్స్ ఉండాలి. మోటార్‌వే (మన ఎక్స్‌ప్రెస్‌వే లాంటిది) మీదకి మాత్రం స్నేహితుడితో వెళ్ళకూడదు. ఇన్‌స్ట్రక్టర్‌తో, ఆయనకీ బ్రేకున్న కారులోనే వెళ్ళాలి.

7. మానుకోవాల్సినవి

మొదటి క్లాసులో మా ఇన్‌స్ట్రక్టర్ నన్ను ఒక గంట తిప్పి, పక్కన ఆపించి అడిగాడు: "ఇందాక ఎడమకి తిరిగినప్పుడు ఎడమ అద్దం చూశావా?" చూశానన్నాను. నిజంగానే చూశాను. "నువ్వు చూసినట్టు నాకెలా తెలుస్తుంది? కళ్ళు తిప్పితే చాలదు, తల తిప్పు."

ఈ పరీక్ష మొత్తం ఆ మాటలో ఉంది. పదేళ్ళ అలవాటులో మన కళ్ళు పని చేసుకుపోతాయి, తల కదలదు. ఎగ్జామినర్‌కి కనిపించని చూపు చూడనట్టే లెక్క. ఇక్కడ ఎక్కువమంది ఫెయిలయ్యే కారణాల్లో పైన ఉండేవి జంక్షన్లలో సరిగ్గా చూడకపోవడం, దిశ మారేటప్పుడు అద్దాలు వాడకపోవడం. స్టీరింగ్ పనితనం వాటి తర్వాతే.

వరసగా చెప్తాను.

అద్దాలు. కొందరికి ఎడమ అద్దం మడిచి నడిపే అలవాటు ఉంటుంది. దానికి పూర్తి విరుద్ధం ఇక్కడ. ఇండికేటర్ వేసే ముందు, లేన్ మారే ముందు, వేగం పెంచే ముందు, తగ్గించే ముందు, ఆగి ఉన్న కారుని దాటే ముందు లోపలి అద్దం, తర్వాత ఆ పక్క అద్దం. అద్దం, ఇండికేటర్, అప్పుడు మలుపు. ఇండికేటర్ వేశాక అద్దం చూస్తే వరస తప్పినట్టే. బండి కదిలించే ముందు కుడి భుజం మీదుగా వెనక్కి చూడాలి.

ఫ్రీ లెఫ్ట్ లేదు. ఎరుపు లైటు ఉంటే ఎడమకైనా సరే ఆగాల్సిందే. ఆకుపచ్చ బాణం విడిగా వెలిగితేనే కదలాలి. అలవాటులో మెల్లగా జారిపోయినవాళ్ళకి పరీక్ష అక్కడితో అయిపోతుంది.

హారన్. నేనున్నానని హెచ్చరించడానికి మాత్రమే. ముందువాడు గ్రీన్ పడ్డా కదలకపోతే ఆగండి. ఊళ్ళలో రాత్రి 11:30 నుంచి ఉదయం 7 దాకా హారన్ కొట్టడమే నిషేధం. మొదటి నెలలో నా కుడి బొటనవేలు హారన్ మీదే ఉండేది. పక్కవాళ్ళు తిరిగి చూసే చూపుకి దానంతటదే దిగింది.

హెడ్‌లైట్ ఫ్లాష్. మనకి ఫ్లాష్ కొడితే "వస్తున్నా, ఆగు". ఇక్కడ రోడ్డు మీద జనం ఫ్లాష్ కొట్టేది ఎక్కువగా "ముందు నువ్వెళ్ళు" అని. హైవే కోడ్ ప్రకారం ఈ రెండూ తప్పే, నేనున్నానని తెలపడానికే వాడాలి. కాబట్టి మీరు కొట్టకండి. ఎదుటివాడు కొడితే వెంటనే దూకకండి, మీ కళ్ళతో చూసుకుని కదలండి.

నడిచేవాళ్ళు. జీబ్రా మీద అడుగు పెట్టినవాళ్ళకి ఆగి తీరాలి, పెట్టబోతున్నవాళ్ళకీ ఆగాలి. 2022 జనవరి నుంచి ఇంకో మాట చేరింది. మీరు పక్క రోడ్డులోకి తిరుగుతుంటే, ఆ రోడ్డు దాటడానికి ఎదురుచూస్తున్న మనిషికి కూడా దారివ్వాలి. జీబ్రా ఉన్నా లేకపోయినా సరే.

సైకిళ్ళు. గంటకి 30 మైళ్ళ దాకా వేగంలో దాటేటప్పుడు కనీసం 1.5 మీటర్ల ఎడం. అంత ఎడం కుదరకపోతే వెనకే వెళ్ళండి.

మైళ్ళు. స్పీడోమీటర్, బోర్డులు అన్నీ మైళ్ళలోనే. వీధి దీపాలున్న ఊళ్ళలో 30, అంటే 48 కిలోమీటర్లు. వేల్స్‌లో అయితే 2023 సెప్టెంబరు నుంచి 20. ఊరి బయట మధ్యలో డివైడర్ లేని రోడ్డు మీద 60, డివైడర్ ఉన్న రోడ్లు, మోటార్‌వేల మీద 70. 60 ఉన్నచోట దారి ఖాళీగా ఉన్నా 40లో పోతే అది కూడా తప్పుగానే రాస్తారు. "జాగ్రత్తగా వెళ్ళాను కదా" అన్నా ఒప్పుకోరు.

న్యూట్రల్‌లో దొర్లడం. పెట్రోలు మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ చేయడం, మలుపుకి చాలా ముందే క్లచ్ తొక్కి ఉంచడం రెండూ తప్పే.

సందు రోడ్లు. ఇక్కడి వీధుల్లో రెండు వైపులా కార్లు ఆపి ఉంటాయి, మధ్యలో ఒక్క కారే పడుతుంది. అడ్డం ఎవరి వైపు ఉంటే వాళ్ళు ఆగాలి. రెండు వైపులా ఉంటే ముందుగా చూసి, ఖాళీ దొరికిన చోట ఆగి ఎదుటివాడిని పోనివ్వండి. ముక్కు దూర్చి తేల్చుకుందామనే పద్ధతి ఇక్కడ నడవదు.

8. రౌండబౌట్లు

వీటికి విడిగా ఒక క్లాసంతా పెట్టండి. కుడివైపు నుంచి వచ్చేవాళ్ళకి దారివ్వాలి, అంతే నియమం. మనకి కష్టం ఎక్కడంటే, దారివ్వడం అంటే కొంచెం నెమ్మదించి దూరడం కాదని ఒంటికి అలవాటు కావాలి.

బోర్డులు, రోడ్డు మీద గుర్తులు వేరే చెప్పనంతవరకు:

- మొదటి దారిలో ఎడమకి: ఎడమ ఇండికేటర్, ఎడమ లేన్.
- నేరుగా: లోపలికి వెళ్ళేటప్పుడు ఇండికేటర్ వద్దు, ఎడమ లేన్. మీ దారికి ముందున్న దారి దాటగానే ఎడమ ఇండికేటర్.
- కుడికి లేదా పూర్తిగా వెనక్కి: కుడి ఇండికేటర్, కుడి లేన్. మీ దారికి ముందున్న దారి దాటాక ఎడమ అద్దం చూసి, ఎడమ ఇండికేటర్ వేసి బయటికి.

నేను మొదటిసారి పరీక్ష ఫెయిలైంది రోడ్డు మీద తెల్ల చుక్కలా పెయింట్ వేసిన ఒక మినీ రౌండబౌట్ దగ్గర. కుడినుంచి నీలం రంగు కారు వస్తోంది. దూరం ఉంది, నన్ను చూసి తగ్గిస్తాడులే అనుకుని కదిలాను. మన ఊళ్ళో అయితే తగ్గిస్తాడు. ఇక్కడ అతను తగ్గించడు, ఎందుకంటే నేను కదలనని అతని నమ్మకం. ఎగ్జామినర్ కాలి కింద బ్రేకు టక్‌మని పడిన చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. ఆయన ఏమీ అనలేదు, "తర్వాతి జంక్షన్‌లో కుడికి" అన్నాడు. ఫెయిలయ్యానని తెలిసి ఇంకో ఇరవై నిమిషాలు నడపడం ఉంది చూశారూ, అది శిక్ష.

9. పరీక్ష రోజు

దాదాపు 40 నిమిషాలు. మొదట పార్కింగ్‌లో దూరంగా ఉన్న కారు నంబర్ చదివిస్తారు. చదవలేకపోతే అక్కడే ముగింపు, స్టీరింగ్ ముట్టనివ్వరు. కళ్ళజోడు ఉంటే పెట్టుకునే వెళ్ళండి.

బయల్దేరే ముందు కారు గురించి నోటితో చెప్పే ప్రశ్న ఒకటి (బ్రేకులు పని చేస్తున్నాయని ఎలా చూస్తారు, లాంటిది), నడుపుతుండగా చేసి చూపించేది ఒకటి (ముందు అద్దం మీద నీళ్ళు కొట్టి వైపర్ వేయడం, లాంటిది). తప్పు చెప్పినా పెద్ద నష్టం లేదు, చిన్న తప్పుగా రాసుకుంటారు.

తర్వాత వెనక్కి నడిపే విన్యాసం ఒకటి: రోడ్డు పక్క పార్కింగ్, గళ్ళ పార్కింగ్, లేదా కుడివైపు ఆగి రెండు కార్ల పొడవు వెనక్కి. కెమెరా చూడొచ్చు గానీ దాన్నే నమ్ముకోకండి, చుట్టూ తల తిప్పుతూ మెల్లగా చేయండి. మనిషి వస్తే ఆగండి. ఎమర్జెన్సీ బ్రేకు ప్రతి పరీక్షలోనూ ఉండదు. పరీక్షలో కొంతసేపు శాట్‌నావ్ (దారి చూపే పరికరం) చూసో బోర్డులు చూసో మీరే దారి పట్టాలి. దారి తప్పితే తప్పు కాదు. తప్పిన దారిని సరిచేయడానికి చివరి క్షణంలో లేన్ మారితేనే తప్పు.

చిన్న తప్పులు 15 దాకా పర్వాలేదు. పెద్దది ఒక్కటి ఉన్నా ఫెయిల్. ఇంజిన్ ఒకసారి ఆగిపోతే కంగారు పడకండి, హ్యాండ్ బ్రేక్ వేసి, మళ్ళీ స్టార్ట్ చేసి, చుట్టూ చూసి కదలండి. చాలామంది ఆగినందుకు ఫెయిలవరు, ఆ కంగారులో చూడకుండా కదిలినందుకు అవుతారు.

బయల్దేరే ముందు చూసుకోండి:

- ప్రొవిజనల్ కార్డు జేబులో ఉందా (ఫోన్‌లో ఫొటో పనికిరాదు)
- కళ్ళజోడు
- పరీక్షకి ముందు ఒక గంట క్లాసు
- పది నిమిషాల ముందు సెంటర్ దగ్గర

10. ఫెయిలైతే

10 పని దినాల తర్వాతే మళ్ళీ. కానీ బుకింగ్ ఆ రోజు సాయంత్రమే చేసేయండి. ఎగ్జామినర్ చివర్లో చెప్పేది వినండి, ఇన్‌స్ట్రక్టర్‌ని కూడా పక్కన ఉండి వినమనండి. అప్పుడు మన చెవుల్లో ఏమీ ఎక్కదు.

మీ 12 నెలలు ఇంకా మిగిలి ఉంటే, పరీక్ష ఫెయిలైనంత మాత్రాన పాత లైసెన్స్‌తో నడిపే హక్కు పోదు. అయితే పరీక్షలో పట్టుబడ్డ అలవాటు రోజూ ఆఫీసుకి వెళ్ళేటప్పుడు కూడా చేస్తూనే ఉన్నారని గుర్తుంచుకోండి.

11. పాసయ్యాక మొదటి రెండేళ్ళు

పాస్ సర్టిఫికెట్ చేతిలో ఉంటే ఆ నిమిషం నుంచే నడపొచ్చు. ఎగ్జామినర్ పాత కార్డు తీసుకుని తానే డీవీఎల్ఏకి పంపిస్తాడు, కొత్తది పోస్టులో వస్తుంది.

ఇన్సూరెన్స్ కంపెనీకి ఆ రోజే చెప్పండి. ముందు నుంచే ఒక పొరపాటు చాలామంది చేస్తారు. ధర తగ్గుతుందని ఫారంలో "పూర్తి యూకే లైసెన్స్" అని టిక్ పెట్టేస్తారు. క్లెయిమ్ వచ్చిన రోజున మొదట చూసేది అదే, పాలసీ రద్దవుతుంది. ఒకసారి రద్దయితే తర్వాత ఏ కంపెనీకైనా ఆ సంగతి చెప్పుకోవాల్సిందే.

పాత కారు కొంటుంటే ఎంఓటీ చరిత్రని నంబర్ ప్లేటు కొట్టి ఉచితంగా చూడొచ్చు. వీ5సీ అనే లాగ్‌బుక్ లేకుండా కొనకండి. పాత యజమాని కట్టిన రోడ్డు ట్యాక్స్ మీకు బదిలీ కాదు, ఇంటికి తెచ్చే ముందే మీరు కట్టాలి.

అన్నిటికన్నా ముఖ్యం, తప్పు చేస్తే లైసెన్స్ మీద పడే పాయింట్లు. మొదటి పరీక్ష పాసైన రెండేళ్ళలోపు 6 పాయింట్లు పడితే లైసెన్స్ రద్దు. మళ్ళీ ప్రొవిజనల్, మళ్ళీ థియరీ, మళ్ళీ ప్రాక్టికల్. వేగం మితిమీరితే కనీసం 100 పౌండ్లు, 3 పాయింట్లు. నడుపుతూ ఫోన్ చేతిలో పట్టుకుంటే 200 పౌండ్లు, 6 పాయింట్లు. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నా నడుపుతున్నట్టే లెక్క. ఇండియానుంచి అమ్మ ఫోన్ చేసిందని ఎరుపు లైటు దగ్గర ఒక్కసారి ఎత్తితే చాలు, ఏడాది పాటు పడ్డ శ్రమ మొత్తం పోతుంది. ఫోన్ గ్లవ్ బాక్స్‌లో పడేయండి, ఇంటికెళ్ళాక మీరే చేస్తారు.

ఇల్లు మారిన ప్రతిసారీ డీవీఎల్ఏకి కొత్త చిరునామా చెప్పండి. ఆన్‌లైన్‌లో ఉచితం. చెప్పకపోతే 1,000 పౌండ్ల దాకా జరిమానా. పైగా వేగం నోటీసులు పాత ఇంటికే వెళ్ళి, జవాబు ఇవ్వలేదని అదింకో కేసవుతుంది.